సున్నా నంబరు నాజిల్

ముప్పై ఒక్క ఏళ్ళు పోర్ట్ కెంబ్లా ఉక్కు ఫ్యాక్టరీలో క్రేన్ నడిపాను.
ఇరవై టన్నుల దిమ్మెను
గాలిలో బెత్తెడు కూడా ఊగనివ్వకుండా
నిద్రపోయిన పసిపిల్లను పక్కమీదికి మార్చినట్టు
లారీ మీద దించేవాణ్ణి.
అందుకే ఒక మంగళవారం రాత్రి, చర్చి వెనక హాల్లో
నోరీన్ క్విల్టీ నా చేతిలో ఐసింగ్ సంచి పెట్టినప్పుడు
ఇదొక లెక్కా, అనుకున్నాను.

మొదటి గీత వానపాములా మెలికలు తిరిగింది.
రెండోది సగంలో తెగింది.
మూడోదానికి నాజిలే పూడిపోయింది.

"జల్లెడ చాలదు రిస్తో,
పంచదార పొడిని ఆడవాళ్ళ మేజోడులోంచి పట్టాలి" అంది ఆవిడ.
మర్నాడు మందుల షాపులో
మేజోళ్ళ వరస ముందు నిలబడ్డాను, అరవై నాలుగేళ్ళ వాణ్ణి.
కౌంటరు పిల్ల సైజెంతండీ అంది.
సైజుతో పనిలేదమ్మా, నేత సన్నగా ఉండాలన్నాను.
ఇంకేమీ అడగలేదు పాపం.

ముందు వంతెన కట్టాలి.
కేకు మొదట్లో గీత మీద గీత, ఏడు గీతలు,
ప్రతిదీ కిందిదానికన్నా వెంట్రుకవాసి బయటికి.
ఆరాలి.
నీళ్ళ ఐసింగ్ కుంచెతో పూసి, మళ్ళీ ఆరాలి.
ఈశాన్యపు గాలి సముద్రాన్ని ఇంట్లోకి మోసుకొచ్చే రోజుల్లో
ఏదీ ఆరదు, నా చొక్కాతో సహా.
అప్పుడు పైనుంచి వంతెన దాకా
ఉత్త గాలిలోంచి దారాలు దించాలి.
రెండు దారాల నడుమ
మూడో దారం పట్టేంత సందు ఉండకూడదట.

కేకంటే కేకు కాదు,
థర్మోకోల్ గుండ్రం. ఆరు నెలలుగా అదే.
కట్టడం, గీకెయ్యడం, కడిగి మళ్ళీ కట్టడం.
లుప్కా పక్కింటావిడతో అంటోంది:
"మా ఇంట్లో వారానికో పెళ్ళి.
భోజనాలు మాత్రం ఉండవు."

చెయ్యి తిరగడానికి ఎన్నాళ్ళు పడుతుంది అన్నాను నోరీన్‌తో.
"చెయ్యి తిరగకూడదు. పీట తిరగాలి" అంది.
ఆవిడ చేతులు ఇప్పుడు టీ కప్పును కూడా నమ్మవు,
సాసర్‌లో సగం ఒలుకుతుంది.
అయినా హాలు ఆ చివర, నాకు వీపు పెట్టి కూర్చునే
"ఊపిరి బిగబట్టావు, వదులు" అంటుంది.
ఎలా తెలిసిందంటే,
నీ ముక్కు ఈల ఆగింది అంటుంది.

క్రేన్ కింద సైగలు చేసేవాడు ఒకడుండేవాడు.
చెయ్యి అడ్డంగా చాపితే ఆగాలి, వేలు తిప్పితే ఎత్తాలి.
ఇక్కడ ఆ వేలు నాదే, ఆ క్రేనూ నేనే,
బరువు మాత్రం ఆవగింజలో అరపాలు.
బరువు లేనిదాన్ని దించడం ఇంత కష్టమని
ఉక్కు నాకెప్పుడూ చెప్పలేదు.

మార్చిలో జిల్లా షో.
నూట పన్నెండు దారాలు. రాత్రి తొమ్మిదింటికి
వెనకాల బొగ్గు రైలు పోయింది, నూట తొమ్మిది.
తెల్లారేలోగా ఆ మూడూ వేశాను.
కారులో లుప్కా దాన్ని ఒళ్ళో పెట్టుకుని
స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా కళ్ళు మూసుకుంది.

జడ్జి టార్చి వేసి, భూతద్దం పెట్టి చూసింది.
కార్డు మీద రాసింది:
"దారాలు చక్కగా ఉన్నాయి. వెనక వైపు ఒక వేలిముద్ర."
వంగి చూశాను.
అవును, నా బొటనవేలే.
తొంభై ఎనిమిదిలో కేబుల్ కోసిన మచ్చ కూడా
స్పష్టంగా అచ్చు పడింది.
బహుమతి రాలేదు. కార్డు ఫ్రిజ్ మీద ఉంది.

ఈ రాత్రి ట్రే బోర్లించి దాని వీపు మీద సాధన.
ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది,
తెగింది.
"తలుపు మెల్లగా వెయ్యవే" అని అరిచాను.
జవాబు లేదు.
లుప్కా నిద్రపోయి రెండు గంటలైంది.
గరిటె తీసుకుని అంతా గీకి గిన్నెలో వేసి,
తడిగుడ్డ కప్పి,
మళ్ళీ తీశాను.